నీలం లైటు కింద నాలుగేళ్లు

మావాడు పుట్టిన రెండో రోజే పసుపెక్కాడు. పుట్టు కామెర్లే, తగ్గిపోతాయన్నారు. మా అత్త పసరు పోయిద్దామంది, నాకు ధైర్యం చాల్లేదు. నెల దాటినా తగ్గలేదు. ఫినోబార్బిటాల్ అనే మందు వాడినా, ఒళ్లు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ రక్తంలో 22 దగ్గర్నుంచి కదల్లేదు. జన్యు పరీక్షలో తేలింది: క్రిగ్లర్-నజ్జర్ అనే జన్యు జబ్బు, మొదటి రకం.

స్కాన్‌లో లివర్ నిక్షేపంగా ఉంది. బిలిరుబిన్‌ని నీళ్లలో కరిగేలా మార్చే ఒక్క ఎంజైము మాత్రం లేదు. బిలిరుబిన్ మెదడుకెక్కితే వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పొచ్చు. దాన్ని అదుపులో పెట్టేది నీలం లైటే. రోజుకు 12 గంటలు, ఒంటి మీద డైపర్ తప్ప ఏమీ లేకుండా.

మాది తెనాలి పక్క పల్లె. రాత్రయితే ఊళ్లో పురుగులన్నీ మా కిటికీ దగ్గరే. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు లాగుతుందోనని లెక్కలేస్తూ కూర్చునేదాన్ని. జ్వరమొస్తే మరీ టెన్షన్, బిలిరుబిన్ ఎగబాకేది. పైగా పిల్లలు పెరిగేకొద్దీ చర్మం మందమై లైటు సరిగా పనిచెయ్యదు. నాలుగో ఏట డాక్టరుగారు లివర్ ట్రాన్స్‌ప్లాంట్ మాటెత్తారు, నా లివర్‌లో కొంత తీసి వాడికి పెట్టొచ్చన్నారు.

నేను చేసుకుంది మేనమామ కొడుకునే. ఇద్దరిలోనూ ఒక్కో జన్యువు పాడైందే. "ఈ సంబంధం కలిపింది నేనేనే" అని అత్త ఒకటే ఏడుపు.

"మరి నా లివర్ ఎలా పనికొస్తుంది సార్?"

"రెండో జన్యువు బాగుందిగా అమ్మా. మీ కళ్లెప్పుడైనా పచ్చబడ్డాయా?"

హైదరాబాద్‌లో ఆపరేషన్. నా లివర్ ఎడమ పక్క నుంచి 240 గ్రాములు తీశారు. నా నొప్పి సంగతి వదిలేయండి. నాలుగో రోజు వీల్‌చెయిర్‌లో ఐసీయూకి తీసుకెళ్లారు. పైపుల మధ్య వాడి కళ్లు, తెల్లగా! పాల గిన్నెలా. 19 ఉన్న బిలిరుబిన్ 1.4కి దిగింది.

తర్వాతంతా సాఫీ ఏం కాదు. ఆరో వారం రిజెక్షన్ అన్నారు, అంటే కొత్త లివర్‌ని వాడి ఒళ్లు ఒప్పుకోవట్లేదని; స్టెరాయిడ్లతో సర్దుకుంది. రిజెక్షన్ రాకుండా వేసే టాక్రోలిమస్ మందు పొద్దున 8కి, రాత్రి 8కి, తప్పకూడదు. పంపరపనస పెట్టొద్దన్నారు, రక్తంలో మందు పెరిగిపోతుందట. పెరట్లో కాయలన్నీ ఇప్పుడు పక్కింటివాళ్లకే.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి లైటార్పి పడుకోబెట్టాను. వాడికి చీకట్లో నిద్రే తెలీదు కదా, గుక్కపట్టాడు. "అమ్మా, నా లైటేదీ?"

మర్నాడు బావ తెనాలి వెళ్లి జీరో బల్బు తెచ్చాడు. నీలందే.