వెనకటి వేడి, వెనకటి వాన

శ్రావణంలో గుప్తేశ్వర్ వెళ్లేవారంతా శివలింగాన్ని చూసి వస్తారు. నేను దణ్ణం పెట్టుకున్నాక గుహ పైకప్పును కూడా చాలాసేపు చూస్తాను. ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లాలో, కొలాబ్ నది ఒడ్డున, సున్నపురాతి కొండలో ఉందా గుహ. పైన కురిసిన వాన రాతిలోకి ఇంకి, సున్నాన్ని కరిగించుకుని చుక్కలుగా రాలుతుంది. చుక్క పడిన చోట సన్నని పొర మిగులుతుంది. వేల ఏళ్లు పొర మీద పొర పేరుకుంటే నేల నుంచి స్తంభం లేస్తుంది. స్టాలగ్మైట్ అంటే అదే. వానలు బాగా పడిన కాలంలో ఆ నీటిలో ఆక్సిజన్-18 అనే బరువైన రకం ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. ఆ తేడా పొరల్లో నిలిచిపోతుంది.

గుప్తేశ్వర్ స్తంభాలనూ, పొరుగున బస్తర్‌లోని దండక్ గుహ స్తంభాలనూ శాస్త్రవేత్తలు ఇలాగే చదివారు. దండక్ స్తంభం ఒకటి సుమారు క్రీ.శ. 600 నుంచి 1500 దాకా నైరుతి వానల చరిత్ర చెప్పింది. 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాల తరబడి వానలు సన్నగిల్లిన దశలు అందులో కనిపించాయి. జయపురంలో పిల్లలకు భూగోళం చెప్పే నాకు, మన అడవి గుహల్లో ఇంత చరిత్ర ఉందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సంగతి చెప్పినప్పుడు, ఇక్కడే వరి పండించే మా మామయ్య అడిగారు: "వెనకటి కాలంలోనూ భూమి వేడెక్కిందట, అప్పుడు వానలు బాగానే పడ్డాయట. మరి ఇప్పటి వేడికి ఎందుకమ్మా ఇంత కంగారు?"

చాలామంది ఈ మాటను వాదన కోసం అంటారు. మామయ్య మాత్రం తెలుసుకోవాలనే అడిగారు. అందుకే ఓపికగా రాస్తున్నాను.

ఎంత కురిసిందో రాయి చెబుతుంది, ఎందుకు కురిసిందో చెప్పదు. దానికి వాతావరణ మోడల్ కావాలి. గాలి, సముద్రం, నేల, మంచు ఒకదానిపై ఒకటి ఎలా పనిచేస్తాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం అది. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్క కారణాన్నే మార్చి చూడవచ్చు. అసలు భూమి మీద అలాంటి ప్రయోగం మనం చేయలేము.

1981లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కుట్జ్‌బాక్ మోడల్‌తో చేసింది అలాంటి ప్రయోగమే. ఇప్పుడు భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. 9000 ఏళ్ల కిందట జూలై చివర్లో వచ్చేది. అందువల్ల ఆనాటి జూలైలో భూమికి అందిన ఎండ నేటికన్నా సుమారు 7 శాతం ఎక్కువ. ఆ కక్ష్య లెక్కలను ఒక సాదా మోడల్‌కు ఇవ్వగానే ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ రుతుపవనాలు బలపడ్డాయి. నేడు ఎడారిగా ఉన్న సహారాలో ఆ రోజుల్లో చెరువులు నిండి ఉండేవన్న ఆధారాలకు అది సరిపోయింది.

మన వైపూ సాక్ష్యం ఉంది. మా కొలాబ్ దిగువకు వెళ్లి శబరి అవుతుంది, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిలో, నది మోసుకెళ్లిన ఆకుల మైనపు ఆనవాళ్లు దొరికాయి. మధ్య భారతం గడచిన కొన్ని వేల ఏళ్లలో అంచెలంచెలుగా పొడిబారిందని అవి చెప్పాయి. వేసవి ఎండ తగ్గేకొద్దీ రుతుపవనం నీరసించాలన్న మోడల్ లెక్క కూడా అటే చూపుతుంది.

అంటే మామయ్యా, ఆనాటి మంచి వానలకు మూలం వేసవి ఎండ. ఆ వేసవుల్లో ఎక్కువైన ఎండ చలికాలంలో తగ్గేది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ నేటికన్నా చాలా తక్కువ. ఇప్పటి వేడి అలాంటిది కాదు. ఏడాది పొడవునా, రాత్రీ పగలూ, సముద్రంతో సహా వేడెక్కుతోంది. దీనికి దగ్గరి పోలిక కావాలంటే సుమారు 30 లక్షల ఏళ్లు వెనక్కి, ప్లయోసీన్ యుగానికి పోవాలి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 400 దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు మనం 420 దాటాము. ఆ కాలానికి మోడళ్లు నడిపితే ఆసియా రుతుపవనాల వాన పెరుగుతుంది. కానీ దారి వేరు. ఒక్కో డిగ్రీ వేడికి గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. గాలుల ప్రవాహం నెమ్మదించినా, ఆ తేమ వల్ల వాన పెరుగుతుంది.

మోడళ్లను గుడ్డిగా నమ్మమని నేను చెప్పను. 9000 ఏళ్ల కిందటి సహారాను అవి ఈనాటికీ తగినంత తడపలేకపోతున్నాయి. పచ్చదనం వల్ల వచ్చే మార్పులను కూడా కలిపితే కొంత మెరుగవుతాయి. గతంతో పోల్చి చూడటంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే, మోడల్ ఎక్కడ తప్పుతుందో బయటపడుతుంది.

"అయితే వాన పెరుగుతుందంటావు. నాట్ల వేళకు పడుతుందా?" అన్నారు మామయ్య.

అక్కడే చిక్కు. మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో లెక్క కడుతుంది. ప్రపంచం మొత్తాన్ని లెక్కగట్టే చాలా మోడళ్లలో ఒక్కో గడి వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ. సాలూరు మైదానం, ఘాట్ ఎక్కితే వచ్చే 900 మీటర్ల కోరాపుట్, 1672 మీటర్ల దేవమాలి శిఖరం అన్నీ కలిసి ఒకే సగటు ఎత్తుగా మారిపోతాయి. కొండ అడ్డుపడి కురిపించే వాన ఆ సగటులో చెరిగిపోతుంది. ఏడాదిలో కురిసే మొత్తం వాన పెరగవచ్చు, భారీ వానలు ఎక్కువ కావచ్చు, ఏటికీ ఏటికీ తేడా పెరగవచ్చు అన్నంతవరకు చెప్పగలరు. జూలైలో ఆయన మడికి ఏ వారం నీరందుతుందో చెప్పాలంటే గడి చాలా చిన్నదై, ఆ గడిలో మా కొండలు కొండలుగానే ఉండాలి.