అండర్‌స్కోర్ పక్కన యూ

ఇవాళంతా ఒక్క డిస్క్ దగ్గరే గడిచిపోయింది. నిన్న రాత్రి బూట్ కాకుండా మొండికేసిన సర్వర్‌ని మా కుర్రాళ్ళు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, లైనక్స్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయబోయారట. ఇన్‌స్టాలర్ మొదటి డిస్క్ మీద పాత పార్టిషన్లు తుడిచేసి, కొత్తవి రాసి, ఫార్మాట్ కూడా చేసేసి, తీరా సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. పాతదీ లేదు, కొత్తదీ రాలేదు. అందులోనే అకౌంట్ల డేటాబేస్. చివరి బ్యాకప్ ఎప్పటిది అని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అన్నా, మిర్రర్ ఉంది కదా, రెండో దాంట్లో అంతా ఉంటుంది కదా?" అన్నాడు చిన్నవాడు. ఉంటుంది, ఏది రాసినా రెండు డిస్కుల్లోనూ పడేదే మిర్రర్ కాబట్టి, కానీ ఇన్‌స్టాలర్‌కి ఒక్క డిస్కే అప్పజెప్పి ఉంటేనే. మిర్రర్‌నే ఎంచుకుని ఫార్మాట్ కొట్టి ఉంటే రెండు చోట్లా ఒకేసారి పోయేది. చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని నిలబడితే అద్దం సరిచేసి చూపించదుగా. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఇలా డిస్కుల్ని జట్టు కట్టించే రెయిడ్ గురించి పేపర్ రాసినప్పుడు లెక్కలు కట్టింది డిస్కులు చెడిపోవడం గురించే, మనుషుల తొందరపాటు గురించి కాదు.

ముందు రెండు డిస్కులూ బయటికి తీయించాను. ఎవరైనా ఉత్సాహంగా వాటిని మళ్ళీ జత కలిపితే సింక్, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ, మొదలవుతుంది. దిశ తప్పితే ఖాళీ డిస్క్ వచ్చి మంచిదాని మీద కూర్చుంటుంది. తర్వాత రెండో డిస్క్‌ని వేరే మెషీన్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో మొత్తం ఇమేజ్, అంటే డిస్క్‌కి అచ్చు నకలు, తీయడం మొదలుపెట్టాను. 2 టీబీ డిస్క్, సెకనుకు 150 ఎంబీ చొప్పున వేసుకున్నా మూడున్నర గంటల పైమాటే. మేనేజర్ గారు వచ్చి "ఇంకా కాపీయేనా?" అని అడిగి వెళ్ళారు. ఆయన టెన్షన్ ఆయనది. కానీ అసలు డిస్క్‌ని చదవడం ఈ ఒక్కసారే, మిగతా ప్రయోగాలన్నీ ఇమేజ్ మీదే అని చెప్పాను.

ఇమేజ్ వచ్చాక పెద్దవాడు దాన్ని తెరవడానికి నేరుగా మౌంట్ కమాండ్ కొట్టి చూశాడు. 'లైనక్స్ రెయిడ్ మెంబర్' అనే ఫైల్‌సిస్టమ్ నాకు తెలియదు పొమ్మంది. వాడికి ప్రాణం పోయినంత పనైంది. నిజానికి అది మంచి కబురు. రెయిడ్ మెటాడేటా, అంటే ఈ డిస్క్ ఏ జతలోదో చెప్పే లేబుల్, 1.2 వెర్షన్ అయితే పార్టిషన్ మొదట్లోనే, 4 కేబీ తర్వాత ఉంటుంది, డేటా ఇంకా అవతల ఎక్కడో మొదలవుతుంది. అంటే లేబుల్ చెక్కుచెదరలేదన్నమాట. పాత 0.90లోనూ 1.0లోనూ ఆ లేబుల్ చివర్లో ఉండేది, అప్పుడైతే ఫైల్‌సిస్టమ్ పేరు చెప్పి నేరుగా మౌంట్ చేయగలిగేవాళ్ళం కూడా.

ఈలోగా వాడు నెట్‌లో ఎక్కడో చూసి "క్రియేట్ కమాండ్‌తో ఎరేని, అంటే డిస్కుల జతని, మళ్ళీ తయారుచేద్దామా అన్నా" అన్నాడు. కీబోర్డ్ నా వైపు లాక్కున్నాను. రెయిడ్‌ని నడిపే ఎండీఆడమ్ టూల్ వెర్షన్‌ని బట్టి డేటా మొదలయ్యే చోటు మారుతుంది. పాత లేబుల్ చెరిపేసి కొత్తది రాస్తే, డేటా ఉన్నచోటే ఉన్నా దారి తప్పుతుంది. ఏ దారీ లేనప్పుడు, అది కూడా కాపీ మీద చేయాల్సిన పని అది.

నాకు అసలు భయం వేరే. మిర్రర్‌లోంచి ఒక డిస్క్ ఎప్పుడో జారిపోయినా సర్వర్ మామూలుగానే నడుస్తుంది. మెయిల్ అలర్ట్ పెట్టుకోకపోతే ఎవరికీ తెలియదు. ఈ డిస్క్ ఆర్నెల్ల క్రితమే బయటపడి ఉంటే, మా చేతిలో ఉన్నది ఆర్నెల్ల నాటి అకౌంట్లే. లేబుల్‌ని చదివే ఎగ్జామిన్ కమాండ్ కొట్టి, మిగతా వరుసలన్నీ వదిలేసి 'అప్‌డేట్ టైమ్' ఒక్కటే వెతికాను. నిన్న సాయంత్రానిది. అప్పుడు గానీ కుర్చీలో వెనక్కి వాలలేదు.

రీడ్ఓన్లీగా, అంటే రాతలకి వీల్లేకుండా, అసెంబుల్ చేస్తే ఎరే లేచింది. ఎరే స్థితి చూపించే ఎండీస్టాట్‌లో రెండింటికి ఒకటి అని చూపించి, పక్కన బ్రాకెట్లలో ఒక అండర్‌స్కోర్, ఒక యూ. పోయినదాని చోటు అండర్‌స్కోర్, ఉన్నది యూ. కుర్రాళ్ళు ఆ యూని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు, అదేం సరదానో.

మౌంట్ మాత్రం ఇంకోసారి మొరాయించింది. సర్వర్‌ని పవర్ కట్ చేసి ఆపారు కాబట్టి ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ జర్నల్‌లో, అంటే రాయబోయే మార్పుల చిట్టాలో, పని మిగిలిపోయింది, రాయనివ్వకపోతే అది పూర్తికాదు. నోలోడ్ అని చెప్పి జర్నల్ వదిలేస్తే ఫోల్డర్లు కనిపించాయి. మామూలు ఫైళ్ళు చూసుకోవడానికి అది చాలు. డేటాబేస్‌కి చాలదు, చివరి మార్పులు సగంసగంగా ఉండొచ్చు. అందుకని ఇమేజ్ మీద ఒక ఓవర్‌లే వేశాను. రాతలన్నీ పక్క ఫైల్‌లోకి పోతాయి, కింద ఉన్న ఇమేజ్ తడవదు. దాని మీద జర్నల్ తన పని తాను చేసుకుంది.

డేటాబేస్ నడిపే పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్‌లో వెర్షన్ ఫైల్ తెరిస్తే ఒకే ఒక్క సంఖ్య: 12. పాత ఫోల్డర్ కొత్త మేజర్ వెర్షన్‌తో లేవదు కాబట్టి అదే వెర్షన్ వెతికి పెట్టాం. సరిగ్గా షట్‌డౌన్ కాలేదు, రికవరీ నడుస్తోంది అని లాగ్‌లో గొణిగి, కాసేపటికి కనెక్షన్లకి రెడీ అంది. వెంటనే డంప్, అంటే డేటాబేస్ మొత్తానికి నకలు, తీసుకున్నాం. మిగతా ఫైళ్ళు ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో, యూజర్ ఐడీలు అంకెలుగానే ఉంచమని చెప్పి లాగేశాం.

సాయంత్రం "ఇక ఆ డిస్క్ సర్వర్‌లో పెట్టేయనా అన్నా?" అన్నాడు చిన్నవాడు. వద్దన్నాను. అకౌంట్స్ వాళ్ళు లెక్కలు సరిచూసుకుని సరే అనేదాకా అది బీరువాలోనే. కొత్త డిస్క్ కావాలని మెయిల్ పెట్టాను. పనిలో పనిగా బ్యాకప్ కోసం ఇంకోటి కూడా అదే మెయిల్‌లో ఇరికించాను. మేనేజర్ గారు ఇవాళ ఉన్న మూడ్‌లో కాదనరు.