వేసుకోండి తాతయ్యా

అమెరికాలో ఉన్న మా చెల్లెలి పిల్లలకు సెలవులు జూన్, జూలైల్లో. గోదావరికి వరదొచ్చే రోజులవి, పాపికొండల బోట్లు ఆపేస్తారు. మెల్‌బోర్న్‌లో ఉన్నందుకు మాకు కలిసొచ్చింది ఇదొక్కటే: పెద్ద సెలవులు డిసెంబర్, జనవరిల్లో. అందుకే ఈసారి హైదరాబాద్‌లో చుట్టాలిళ్లన్నీ తిరిగాక, అమ్మనీ మామయ్యనీ తీసుకుని ఆయన కారులోనే భద్రాచలం బయల్దేరాం.

కూకట్‌పల్లి దాటకముందే మా అమ్మాయి పేచీ, వెనక సీట్లో బెల్టు ఏదీ అని. క్లిప్పులు సీటు కవర్ల కింద ఎక్కడో పూడుకుపోయాయి. మామయ్య కారు పక్కకి ఆపి, కవరు లేపి, చెయ్యి దూర్చి వెతికి తీశారు. "కారు కొన్నాక వీటి మొహం చూడటం ఇదే" అన్నారు, నవ్వుతూనే. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి, మర్నాడు రాములవారి దర్శనం చేసుకుని పోచవరం వెళ్లాం. దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అమ్మ అక్కడ కారు ఆపించి దండం పెట్టుకుంది.

అసలు గొడవ బోటులో. ఎక్కేటప్పుడు అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. బోటు కదిలి పాటలు మొదలవగానే ఒక్కొక్కటీ కుర్చీల మీదికి చేరాయి. అమ్మ చీర నలుగుతోందంది. మామయ్య ఫొటోల్లో బాగోదన్నారు. మా అమ్మాయి లేచి, "తాతయ్యా, వేసుకో. నువ్వు చేసేది తప్పు" అంది, పక్కవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. ఆయన మొహం చిన్నబోయింది. అమ్మ నా వైపు చూసిన చూపుకి అర్థం నాకు తెలుసు: పెద్దంతరం చిన్నంతరం లేకుండా పెంచావు అని.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతూ నేను టెన్షన్ పడేది ఇక్కడే. తెలుగు రాదనో, పప్పన్నం తినరనో కాదు. అక్కడి స్కూల్లో ఎదుట ఎవరున్నా సరే చెప్పాల్సింది చెప్పమంటారు. ఇక్కడ అదే మాట పొగరైపోతుంది. అయినా ఆ రోజు మందలించడానికి నాకు నోరు రాలేదు. 2019 సెప్టెంబర్ 15న ఇదే గోదావరిలో, దిగువన కచ్చులూరు దగ్గర, వరద సమయంలో పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. అందులో హైదరాబాద్, వరంగల్ వాళ్లూ ఉన్నారు. ఆ వార్తలు మా ఇంట్లో చూడనివాళ్లు లేరు.

దాన్ని పక్కకి పిలిచి, "చెప్పింది సరే, 'వేసుకోండి తాతయ్యా' అను. అమ్మమ్మకైతే నువ్వే కట్టు" అన్నాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత వెళ్లి అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కొంగు నలగకుండా పక్కకి తీసి, పట్టీ బిగించి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కింది. అది చూసి మామయ్య తనది తనే తెచ్చుకున్నారు. పొట్ట కాస్త అడ్డం వచ్చిందనుకోండి.

ఆ తర్వాతే స్థిమితంగా కొండలు చూశాం. రాజమండ్రి దగ్గర అంత వెడల్పున పారే గోదావరి ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగిపోతుంది. ఎదురుగా దారి మూసుకుపోయినట్టే ఉంటుంది, దగ్గరికెళితే మలుపు. పేరంటపల్లిలో శివాలయం చూసి, వెదురుతో చేసిన పూలు కొన్నాం. మావాడికి బొంగు చికెన్ తప్ప ఇంకేదీ గుర్తున్నట్టు లేదు.

తిరుగు ప్రయాణంలో మామయ్య, వచ్చేసారి నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో వెళ్దామన్నారు. "ముందు మా ఇన్‌స్పెక్టరమ్మ పర్మిషన్ ఇవ్వాలి!" అమ్మ మాత్రం ఇంకా మెత్తబడలేదు. "'అండీ' అనడం నేర్పావు, బాగానే ఉంది. ఆ గొంతు తగ్గించడం ఎప్పుడు నేర్పుతావు?" అంది.