బంగారు మేకు ఫొటోలో లేనివాళ్లు

కౌబాయ్ సినిమాల్లో రైలు కూత వేసుకుంటూ వస్తుంది. ఆ పట్టాలు వేసిందెవరో మాత్రం చాలావాటిలో కనబడదు. అమెరికా రెండు తీరాలనూ కలిపిన రైలుమార్గం 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్ దగ్గర, లాంఛనంగా ఓ బంగారు మేకుతో పూర్తయింది. ఎదురెదురుగా రెండు ఇంజన్లు, నడుమ చేతులు కలుపుతున్న ఇంజనీర్లు, సీసాలు పైకెత్తిన జనం. పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలపాటు అచ్చయిన ఆ ఫొటోలో చైనా కూలీలు దాదాపు లేనట్టే. శాక్రమెంటో నుంచి తూర్పుకు పట్టాలు పరిచిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ కూలీల్లో పదిమందికి తొమ్మిది మంది వరకూ వాళ్లే. సియెర్రా నెవాడా కొండల్లో నల్లరాతిని మందుగుండుతో పేల్చి సొరంగాలు తొలిచింది వాళ్లే.

1867 జూన్‌లో వాళ్లు వేల సంఖ్యలో పనిముట్లు కింద పెట్టేశారు. నెలకు 35 డాలర్లు కాదు, 40 కావాలన్నారు. బయట పది గంటలు, సొరంగంలో ఎనిమిది గంటలే పని చేస్తామన్నారు. తెల్ల కూలీలకు జీతంతోపాటు తిండీ బసా కంపెనీయే చూసేది. వీళ్లు మాత్రం తమ బియ్యం తామే కొనుక్కోవాలి. కంపెనీ దెబ్బకొట్టింది సరిగ్గా ఆ బియ్యం మీదే. కొండమీదికి సరుకులు ఆపేసింది. వారం తిరిగేసరికి సమ్మె విరిగిపోయింది. 1882లో చైనా కూలీల రాకనే చట్టం నిషేధించింది. మనుషులంతా సమానంగా పుట్టారన్న 1776 నాటి ప్రకటనకు అప్పటికి 106 ఏళ్లు.

2014లో ఫొటోగ్రాఫర్ కోర్కీ లీ ఆ కూలీల వారసులను అదే చోట నిలబెట్టి ఆ ఫొటోను మళ్లీ తీశాడు. నా దృష్టిలో అది చరిత్రను సరిదిద్దిన ఫొటో.

మనవాళ్ల కథ కూడా ఇందులో ఉంది, కాస్త ఇబ్బందికరంగా. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం, తాను అగ్రకులపు ఆర్యుణ్ణని, కాబట్టి తెల్లవాడి కిందే లెక్కని అక్కడి సుప్రీంకోర్టులో వాదించాడు. 1923లో కోర్టు ఒప్పుకోలేదు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల్లో చాలామంది దాన్ని పోగొట్టుకున్నారు. కులం చూపించి తలుపు తెరిపించుకోవాలని చూస్తే తలుపు తెరుచుకోలేదు. తర్వాత అది 1946లో కొద్దిగా తెరుచుకున్నా, బార్లా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. దానికి దారి వేసింది నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటం. కులసంఘాల పిక్నిక్కుల్లో ఈ మాట వినబడాలి.

సమాన జీతం అనే ఆ పాత డిమాండు ఇవాళ హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల చేతిలో ఒక కాగితంగా ఉంది: ఎల్‌సీఏ, అంటే జీతం గురించి ఎంప్లాయర్ అమెరికా కార్మిక శాఖకు రాసిచ్చే హామీపత్రం. పనిలో చేరే రోజుకల్లా దాని కాపీ ఎంప్లాయర్ ఇచ్చి తీరాలి. అందులో మూడు చూడండి: ఉద్యోగం పేరు, పనిచేసే ఊరు, జీతం లెవెల్. అదే పని చేసే తోటివాళ్లకు ఇస్తున్న జీతం, ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది మీకు రావాలి. పదేళ్ల అనుభవం అడిగే పనికి లెవెల్ 1, అంటే కొత్తగా చేరేవాళ్ల అడుగు స్థాయి జీతం, రాసి ఉంటే అక్కడే తేడా ఉంది. రోజూ వెళ్లివచ్చే దూరం దాటి క్లయింట్ ఊరు మారితే, మీరు అక్కడ పని మొదలుపెట్టేలోపే ఎంప్లాయర్ సవరణ పిటిషన్ వేయాలి. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపడం, హెచ్-1బీ పిటిషన్ ఫీజు, లాయర్ ఫీజు మీ జీతంలో కోయడం చట్టవిరుద్ధం. అయినా ఇవి జరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే వీసా పోతుందన్న భయంతో ఎవరూ నోరెత్తరు.

పే స్టబ్‌లు, ఆఫర్ లెటరు, ఎల్‌సీఏ కాపీ ఇంట్లో దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంచితే ఉద్యోగంతోపాటే పోతాయి. ఫిర్యాదు చేయాల్సింది అమెరికా కార్మిక శాఖకు, డబ్ల్యూహెచ్-4 ఫారం మీద. చివరి తప్పు జరిగిన రోజు నుంచి 12 నెలలు గడువు.