బతికున్నవారి తల వెనుక వెలుగు

కిందటి నెలలో మా పిన్ని ఫొటో ఒకటి తీసి, దాని మీద రెండు రాత్రులు కూర్చుని, తల వెనుక బంగారు రంగు ప్రభామండలం చేర్చి, ఐదుగురు మిత్రులకు పంపించాను. ఫొటోలో ఆమె కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. నెరిసిన వెంట్రుకల అంచుల్లో ఎండ చిక్కుకుంది. ఆ వెలుగును కొంచెం పెంచితే చాలని మొదలుపెట్టిన పని, వలయం గీసేదాకా పోయింది. పంపిన పది నిమిషాలకే ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "పిన్నిగారికి ఏమైంది? నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?" అని కంగారుగా అడిగింది. ఆ సమయానికి పిన్ని పక్క గదిలో ఛార్జర్ కనబడటం లేదని నా మీద కేకలేస్తోంది.

గౌరవం అనుకుని నేను గీసినది ఆ స్నేహితురాలికి నివాళిగా కనిపించింది. ఆ పొరపాటు ఆమెది కాదని ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

ప్రభామండలం ఏ ఒక్క మతానికీ చెందిన గుర్తు కాదు. గ్రీకు, రోమన్ కళల్లో సూర్యదేవుడి తల చుట్టూ అది ఉంది. కుషాణ చక్రవర్తి కనిష్కుడు వేయించిన బంగారు నాణెం మీద బుద్ధుడి చుట్టూ ఉంది. 4వ శతాబ్దం నుంచి క్రీస్తు చిత్రాల్లోకి వచ్చింది. మొఘల్ చక్రవర్తి జహంగీర్ అయితే తాను బతికుండగానే తల వెనుక పెద్ద వెలుగు వలయంతో బొమ్మలు వేయించుకున్నాడు. కాబట్టి ఆ గుర్తుకు మరణంతో విడదీయరాని సంబంధమేమీ లేదు. అయినా ఒక మామూలు మనిషి ఫొటోలో, అందులోనూ వయసు మళ్లిన మనిషి ఫొటోలో అది కనిపిస్తే చూసేవారి మనసు ముందుగా ఎటు పోతుందో నేను ఆలోచించి ఉండవలసింది. ఈ చిక్కు కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. రోమ్‌లోని శాంతా ప్రస్సేదే చర్చిని 9వ శతాబ్దంలో పోప్ ఒకటవ పాస్కల్ తిరిగి కట్టించినప్పుడు, అక్కడి మొజాయిక్‌లో, అంటే రంగు ముక్కలు పొదిగి చేసిన చిత్రంలో, పునీతులకు గుండ్రటి ప్రభామండలం, అప్పటికి జీవించి ఉన్న ఆయనకు మాత్రం చతురస్రపు ప్రభామండలం పెట్టారు. అదే చర్చిలోని చిన్న ప్రార్థనాలయంలో ఆయన తల్లి థియోడోరా తల వెనుక కూడా చతురస్రమే కనిపిస్తుంది. ఆ పలకను చూసినవారెవరూ, ఆమెకు ఏమైందని ఆయనను అడిగి ఉండరు.

అర్థం సంగతి అలా ఉంచితే, నా బొమ్మలో పనితనపు లోపం కూడా ఒకటి ఉంది. పాత ఐకాన్లలో, అంటే క్రైస్తవ పూజాపటాల్లో, నేపథ్యమంతా బంగారు రేకే కాబట్టి, అక్కడి వెలుగుకు దిక్కు ఉండదు, ఉండనక్కరలేదు. ఫొటో అలా కాదు. పిన్ని ముక్కు నీడ కుడి చెంప మీద పడిందంటే వెలుగు ఎడమ వైపు నుంచి వస్తోందని చూసేవారి కన్ను లెక్క కట్టేస్తుంది. అటువంటి ముఖం వెనుక, అన్ని వైపులా ఒకే తీరుగా మెరిసే వలయాన్ని పెడితే, రెండు బొమ్మలు కలిసే తీరును నిర్ణయించే బ్లెండ్ మోడ్‌ను, వెలుగు పెంచే 'స్క్రీన్'కు మార్చినా, వెంట్రుక వెంట్రుకకూ మాస్క్ గీసి వలయాన్ని దాని వెనక్కి నెట్టినా, అది అతికించిన బిళ్లలాగే ఉంటుంది. ఫొటోలను అతికించి నీతిబొమ్మ కట్టే ఆశ మాత్రం ఫొటోగ్రఫీ అంత పాతదే. 1857లో ఫొటోగ్రాఫర్ ఆస్కార్ రెయ్‌లాండర్ 30కి పైగా నెగెటివ్‌లను కలిపి ధర్మమార్గం, భోగమార్గం అనే రెండు దారుల నడుమ నిలిచిన యువకుల దృశ్యాన్ని ఒకే చిత్రంగా అచ్చు వేశాడు. బొమ్మలను ఒకదాని మీద ఒకటి పొరలుగా పేర్చే లేయర్లు ఫొటోషాప్‌లోకి వచ్చింది 1994లో. నా బోటివాడు రెండు రాత్రుల్లో చేసి పారేసే పనికి ఆయన ఎంత ఓపిక పట్టి ఉంటాడో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పైగా నేను పంపినదీ, మిత్రులు చూసినదీ ఒకే బొమ్మ కాదు. మామూలు ఫొటో ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. మెల్లగా చీకట్లోకి కరిగిపోవలసిన వెలుగు ఆ మెట్ల మీదుగా దిగాలి. సందేశాల యాప్ దానిని మళ్లీ జేపెగ్‌గా కుదించేటప్పుడు, 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా విడదీసి, సన్నని తేడాలను వదిలేస్తుంది. స్నేహితురాలి ఫోన్‌లో చూస్తే, నా బంగారు కాంతి కోసిన చెట్టు మొదలులా వలయాలు వలయాలుగా ఉంది. ఇప్పుడు అటువంటి చోట పంపే ముందు కొంచెం గ్రెయిన్, అంటే సన్నని చుక్కల గరుకు, చల్లుతున్నాను. మెట్ల అంచులు ఆ గరుకులో కలిసిపోతాయి.

ఆ తర్వాత ఖాళీ కుర్చీని ప్రయత్నించాను. అమరావతి స్తూపపు తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం ఆయన ఉన్నాడని చెబుతాయి. ఇటలీలోని రవెన్నాలో ఒక జ్ఞానస్నాన మందిరపు పైకప్పు మీద, క్రీస్తు కోసం సిద్ధం చేసిన ఖాళీ సింహాసనం, దాని మీద శిలువ ఉన్నాయి. లేకపోవడం ద్వారా ఉనికిని చెప్పే ఈ పద్ధతి నాకు వలయం కన్నా ఎంతో ఎక్కువ ఇష్టం. పొద్దుటి వెలుగు పడిన మా పాత కుర్చీని తీసి, ఏ వ్యాఖ్యా రాయకుండా పంపాను. ఒకరు "ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు?" అన్నారు, మరొకరు చాలాసేపు ఏమీ అనలేదు, ఇంకొకరు కుర్చీ అమ్ముతున్నానా అని అడిగారు. మొదటి ఇద్దరి స్పందన చాలు నాకు. వివరణ ముందే రాసి పంపి ఉంటే ముగ్గురూ నా మాటలనే తిరిగి నాకు అప్పజెప్పి ఉండేవారు.

ఒక్క విషయంలో మాత్రం ముందే అడగడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి అందం కోసం అరబిక్ లిపిలో ఉన్న దైవనామాన్ని ఆకాశపు ఫొటోలో కలిపాను. ఇస్లామిక్ కళలో రాతే ఆరాధనకు దగ్గరి రూపమని తెలిసీ, ఆ లిపి చదవలేని నేను దానిని మేఘంలాగే చూశాను. ఆ భాష వచ్చిన మిత్రుడు మెల్లగా చెప్పాడు: యాప్ చూపే చిన్న బొమ్మలో చివర కత్తిరించుకుపోయి, పేరు సగమే మిగిలిందట. ఆయన కోపగించుకోలేదు గాని, నేను ఆ బొమ్మను ఆ రోజే తీసేశాను.

పిన్ని ఫొటోకు తిరిగి వస్తే, రోమ్ పద్ధతిలో చతురస్రం పెట్టి అదే స్నేహితురాలికి పంపాను. "వెనుక ఆ కిటికీ బాగుంది" అంది. నాకు వెంటనే వెలిగింది. మరునాడు పిన్నిని నిజమైన కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి, అద్దం చట్రం సరిగ్గా తల వెనుకకు వచ్చేలా నేను వంగి, ఏమీ అతికించవలసిన అవసరం లేకుండా ఫొటో తీశాను. జరిగినదంతా అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఈసారైనా బతికున్నట్టు పెట్టు" అంది.