తన రాజు పట్టాభిషేకం చూడని పట్టాభిషేక వస్త్రం

వియన్నాలోని హోఫ్‌బర్గ్ రాజభవనంలో, పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తుల కిరీటంతో పాటు ఒక ఎర్రని పట్టు ప్రావారాన్ని, అంటే భుజాల మీద కప్పుకునే పై వస్త్రాన్ని, భద్రపరిచారు. దాని పేరే పట్టాభిషేక ప్రావారం. అయితే ఎవరి కోసం దానిని కుట్టారో ఆ సిసిలీ రాజు రెండవ రోజర్ తన పట్టాభిషేకంలో దానిని ధరించే అవకాశమే లేదు. ఆయన 1130 డిసెంబరు 25న పలెర్మోలో కిరీటం ధరించాడు. ప్రావారం అంచు మీద కుట్టిన తేదీ హిజ్రీ 528, అంటే 1133-34. నేను ఆ వస్త్రం గురించి చదవడం మొదలుపెట్టింది ఈ లెక్క కుదరకపోవడం వల్లనే.

పరిచినప్పుడు అది అర్ధచంద్రాకారంలో, దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పుతో ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక ఖర్జూర వృక్షం, దానికి అటొకటి ఇటొకటిగా, అద్దంలో ప్రతిబింబించినట్లు, ఒంటెల మీద పడిన రెండు సింహాలు ఉంటాయి. ఫోటోను పెద్దది చేసి చూస్తే పనితనం బయటపడుతుంది: బంగారు జరీని గుడ్డలోకి దూర్చకుండా పైనే పరిచి, సన్నని దారంతో అక్కడక్కడ కుట్టి నిలబెట్టారు, సింహం, ఒంటె గీతల వెంట చిన్న చిన్న ముత్యాలను జంట వరుసలుగా పేర్చారు. ఆ ఎరుపు ఓక్ చెట్ల మీద బతికే కెర్మెస్ పురుగులను ఎండబెట్టి తీసిన రంగు. ముత్యాల కంటే ముందు ఆ రంగే డబ్బున్న వాడెవడో చెప్పేది.

సింహం రోజర్‌ది అయిన నార్మన్ రాజవంశమనీ, దాని గోళ్ల కింద కూలిన ఒంటె సిసిలీలో వారి చేతిలో ఓడిపోయిన అరబ్బులనీ చాలామంది వ్యాఖ్యానించారు. నాకు ఈ వివరణ పూర్తిగా నచ్చదు. గుండ్రని అంచు పొడవునా సాగిన రాత అరబీలో, కూఫీ లిపిలో ఉంది. ఈ వస్త్రం సిసిలీ రాజధానిలోని రాజ ఖజానా కార్యశాలలో తయారైందని తెలిపి, యజమానికి సౌభాగ్యం, కీర్తి, కోరికల సాఫల్యం కలగాలని ఆశీర్వదిస్తుంది. రాజు పేరు మాత్రం అందులో లేదు. కైరో, బాగ్దాద్ ఆస్థానాల్లో దర్బారు వస్త్రాల మీద రాత నేయించే 'తిరాజ్' సంప్రదాయం నుంచి వచ్చిన పని అది. అరబీ రాత కుట్టిన పనివారు తమ ఓటమిని తామే ఇంత ప్రేమగా ముత్యాలతో అలంకరించారని నమ్మడం కష్టం. వేటాడే సింహం అంతకుముందు నుంచే తూర్పు దేశాల రాజులందరికీ నచ్చిన బొమ్మ. అదే రోజర్, పలెర్మోలోని మర్తొరానా చర్చి మొజాయిక్ చిత్రంలో గ్రీకు చక్రవర్తి వేషంలో క్రీస్తు చేతుల మీదుగా కిరీటం అందుకుంటూ కనిపిస్తాడు. ఎవరి ముందు నిలబడితే వారి ఆస్థాన భాషలో దుస్తులు వేసుకున్న రాజు అనుకుంటే సరిపోతుంది. మనకూ ఇది కొత్త కాదు: తిరుమలలో దేవేరులతో నిలిచిన కృష్ణదేవరాయల లోహ విగ్రహం తలమీది పొడవాటి కుళ్ళాయి పారసీక 'కులాహ్' నుంచి వచ్చినదే.

రోజర్ కుమార్తె కాన్‌స్టాన్స్‌ను పెళ్లాడిన పవిత్ర రోమన్ చక్రవర్తి, జర్మన్ రాజు ఆరవ హెన్రీ 1194లో సిసిలీ సింహాసనం ఎక్కడంతో ప్రావారం చేతులు మారింది. ఆ తర్వాత అది చక్రవర్తుల పట్టాభిషేక సామగ్రిలో చేరి, చివరి చక్రవర్తి రెండవ ఫ్రాన్సిస్‌కు 1792లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన వేడుక దాకా వాడుకలో ఉంది. మధ్యలో దీనిని రోజర్‌కు మూడు శతాబ్దాల ముందటి చక్రవర్తి షార్లమేన్ వస్త్రంగా భావించిన కాలమూ ఉంది, అంచు మీద హిజ్రీ సంవత్సరం స్పష్టంగా ఉండగానే. 1424 నుంచి ఈ సామగ్రిని నురెంబర్గ్ నగరం కాపాడింది. ఫ్రెంచి సేనలు దగ్గర పడటంతో 1796లో అక్కడి నుంచి తరలించగా, చివరికి వియన్నా చేరింది. 1938లో హిట్లర్ ప్రభుత్వం మళ్లీ నురెంబర్గ్‌కు తీసుకుపోగా, 1946లో వియన్నాకు తిరిగి వచ్చింది.

అదే సామగ్రిలో, రోజర్ మనవడు రెండవ విలియం కోసం 1181లో పలెర్మోలోనే కుట్టిన పొడవాటి తెల్లని అంగీ ఒకటుంది. దాని అంచు మీద కూడా అరబీ రాత ఉంది, కానీ ఈసారి పక్కనే లాటిన్ కూడా చేరింది, రాజు పేరుతో సహా.