పేరు కప్పితే సరిపోతుందా?

మనం చదివినప్పుడు జవాబు పేపరు మీద పేరు, సెక్షను అన్నీ కనబడేవి. ఇంటిపేరుతో కులం, ఊరి పేరుతో ఇంటి పరిస్థితి తెలిసిపోయేవి. ముందు బెంచీ పిల్లవాడి తప్పు తొందరపాటు; వెనుక బెంచీవాడి అదే తప్పు చదవకపోవడం.

ఈసారి బడిపిల్లల వ్యాసరచన పోటీ పేపర్లు దిద్దేది మన పూర్వ విద్యార్థుల సంఘమే గనుక ముందు పేర్లు కప్పి, గుర్తుగా ఒక్కో పేపరుకు ఒక అంకె వేయండి. అంతటితో పక్షపాతం పోతుందనుకోకండి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిషు పేపరును 142 మంది టీచర్లతో దిద్దిస్తే మార్కులు నూటికి 64 నుంచి 98 దాకా వచ్చాయి. రాసిందెవరో వాళ్లకు తెలియదు, అయినా!

అందుకే 20 మార్కులను ముందే పంచుకోండి: విషయానికి 10, విషయం చెప్పిన వరుసకు 6, భాషకు 4. మార్కులు వేయకుండా ఐదు పేపర్లు చదివి, ఆ తర్వాతే కలం పట్టండి. మంచి పేపరు వెంటనే వచ్చిన మామూలు పేపరు నాసిగా కనబడుతుంది. కాబట్టి రెండోసారి దిద్దేవారు కట్టను కలిపి వరుస మార్చాలి. మొదటివారి మార్కులు వారికి కనబడకూడదు, విడి చీటీ మీదే వేయాలి. తేడా 3 దాటితే సగటు తీయకండి, మూడోవారికి ఇవ్వండి. దస్తూరిని మాత్రం దాచలేం.

అసలు చిక్కు భాష దగ్గర. 'పోయిండు' అని రాస్తే ఎర్రగీత, 'వెళ్ళాడు' అంటే ఒప్పు. పేరు కప్పినా ఈ గీత ఆగదు, ఎందుకంటే వంకర కొలబద్దలోనే ఉంది. రెండూ ఒప్పేనని దిద్దేముందే కాగితం మీద రాసుకోండి. జాలి కూడా అంతే. మన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పిల్ల ఫ్లోరైడు నీళ్లతో కాళ్లు వంగిన తాతను గురించి రాస్తే మన చేయి రెండు మార్కులు ఎక్కువే వేస్తుంది. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పన్న సంగతి రాసిందా లేదా అన్నది విషయం కింద విడిగా చూడండి.

ఇంకొకటి. ఒకే బ్యాచివాళ్లు ఇద్దరు దిద్ది ఒకే మార్కు వేస్తే మురిసిపోవద్దు, ఇద్దరి మొగ్గూ ఒకవైపే కావచ్చు. మూడో మనిషిని నల్లగొండ బయటి నుంచి పిలవండి, ఛార్జీలు సంఘమే పెట్టుకుంటుంది.